నికాసియో మాట పూర్తయ్యేదాకా

కురసావ్ దీవిలో నా మొహం గుర్తుపట్టేవాళ్లు తక్కువ. గొంతు గుర్తుపట్టనివాళ్లు లేరు. రేడియోలో చావు కబుర్లు చదివేవాణ్ణి నేనే. మధ్యాహ్నం భోజనాల వేళ నా గొంతు వినపడగానే జనం చెంచాలు పళ్లెంలో పెట్టి, ఈ రోజు ఎవరు పోయారో విని, తమవాళ్లు కాదని తేలాక మళ్లీ తినడం మొదలుపెట్టేవారు. ఇలాంటి గొంతున్న మనిషిని పెళ్లిళ్లకు పిలవాలంటే ఎవరైనా జంకుతారు. అందుకని పిలవకుండానే వెళ్లేవాణ్ణి. వెళ్లి, నాలుగు మాటలు మాట్లాడి కూడా వచ్చేవాణ్ణి.

నా గర్వమంతా నా ఊపిరి మీద. పోయిన మనిషి పేరు, ముద్దుపేరు, పిల్లలు, అల్లుళ్లు, కోడళ్లు, మనవలు, ఇరుగుపొరుగు, చర్చిలో ప్రార్థన వేళ, అన్నీ ఒక్క ఊపిరిలో చదివేసేవాణ్ణి. అలా చదవమని ఎవరూ అడగలేదు. పోయినవాళ్ల వాటా ఊపిరి కూడా నేనే పీల్చేస్తున్నానని మా ఆవిడ బతికున్న రోజుల్లో అంటుండేది.

నేను చదువుతుంటే అద్దం అవతల కూర్చుని మిషన్ నడిపే మనిషి నికాసియో వింక్లార్. ఈ కథ అతనిది. చెప్పేది నేను గనక మధ్యలో ఎన్నిసార్లు అడ్డొస్తానో మాట ఇవ్వలేను.

నికాసియోది పక్కనున్న బొనేర్ దీవి. రింకోన్ అనే ఊళ్లో మేకల మధ్య పుట్టి పెరిగి, పనికోసం కురసావ్ వచ్చాడు. సన్నటి మనిషి, పెద్ద చెవులు, ఎప్పుడూ ఇస్త్రీ చేసిన చొక్కా. నత్తి ఉంది. మాట మొదట్లోనో మధ్యలోనో ఇరుక్కుపోతుంది, చెక్క ఉబ్బిన బీరువా తలుపులా. ఉద్యోగానికి వచ్చిన రోజు రేడియో డైరెక్టరు నీ పేరేమిటని అడిగితే, ఇతను సగం చెప్పేలోపే ఆయన ఇతన్ని అద్దం అవతలి గదికి పంపేశాడట. అక్కడ నోటితో పని లేదు. వేలెత్తితే మొదలుపెట్టమని. వేలు గుండ్రంగా తిప్పితే త్వరగా కానిమ్మని. అరచెయ్యి గొంతుకు అడ్డంగా గీస్తే ఇక ఆపమని. ఆ చివరి సైగ మాత్రం నాకెప్పుడూ కనపడేది కాదు. కళ్లు బాగానే ఉండేవి.

మేం స్నేహితులమైన పద్ధతి ఇలాంటిది: అతను మాట మొదలుపెట్టేవాడు, నేను పూర్తి చేసేవాణ్ణి. టీ కొట్టు దగ్గర నిలబడి “నాకు ఒక క... క...” అనేవాడు. నేను “కాఫీ” అని కేకేసేవాణ్ణి. ఇచ్చిన కాఫీ తాగేవాడు. అతనికి కాఫీ పడదనీ, అడగబోయింది కమలా రసమనీ చాలా ఏళ్ల తర్వాత అతని పెళ్లాం చెప్పింది. అన్నేళ్లు నా వల్ల ఆ మనిషి కడుపులో మంటతో తిరిగాడు.

ఆ పెళ్లాం పేరు ఫిలోమెనా. మా వీధి పిల్లే, కుట్టుపని చేసేది. నన్ను అన్నా అని పిలిచేది. నికాసియోకి ఆమె మీద మనసైంది. పిల్లనడగడానికి నేనే అతన్ని వెంటబెట్టుకుని వాళ్ల నాన్న దగ్గరికి వెళ్లాను. అతను గుమ్మం దగ్గర టోపీ పట్టుకుని నిలబడ్డాడు, నేను కుర్చీలో కూర్చున్నాను. అతని మంచితనం, నిలకడ, వంశం, లేని పొలం, అన్నీ చెప్పాను. ముసలాయన కళ్లు చెమర్చాయి. లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, నీలాంటివాడికి కాక మా పిల్లను ఇంకెవరికిస్తానని అన్నాడు. ఫిలోమెనా వంటింట్లోంచి వచ్చి, “నాన్నా, ఈయన కాదు. ఆ గుమ్మంలో ఉన్నాయన,” అంది. ముసలాయన నిరాశ పడ్డాడని ఇప్పటికీ నా నమ్మకం.

పెళ్లయింది. ఒక కూతురు పుట్టింది. కొన్నాళ్లకు రేడియోలో కొత్త మిషన్లు వచ్చాయి, అద్దం అవతల మనిషితో పని లేకుండా పోయింది. నికాసియో పెళ్లాం, బిడ్డతో బొనేర్ వెళ్లిపోయాడు. అక్కడ సముద్రంలో మునిగి చూడటానికి వచ్చేవాళ్లకు కొదవ లేదు. ఒక డైవింగ్ దుకాణంలో సిలిండర్లలో గాలి నింపే పనికి కుదిరాడు. నలభై దాటాక తనూ నీళ్లలోకి దిగాడు. దిగినవాడు దిగినట్టే ఉండిపోయాడు. ఇప్పుడు కొత్తవాళ్లకు నేర్పేదే అతను. ఫిలోమెనా అదే దుకాణానికి రబ్బరు సూట్లు కుట్టి, చిరిగినవి బాగుచేస్తుంది.

కిందటి ఏడాది ఆమె ఫోన్ చేసింది. వాళ్ల పెళ్లి నలభయ్యో ఏడు, ఆదివారం నాడు విందు. నన్ను వారం ముందే రమ్మంది. నికాసియో నన్ను నీళ్లలోకి తీసుకెళతాడట, పైగా నాకేదో చెప్పాలట. ఏమిటని అడిగాను.

“ఆయన్నే అడుగు అన్నా. అడిగాక కాస్త ఆగు,” అంది.

ఆగాల్సిన పనేముంది? విందులో ప్రసంగం నేనే చెయ్యాలన్నమాట, నాకు అర్థమైపోయింది. విమానం ఎక్కే లోపు రెండు పనులు చేశాను. ప్రసంగం రాసుకున్నాను. డైవింగ్ సైగలన్నీ బొమ్మలతో ఉన్న చిన్న పుస్తకం తెప్పించి బట్టీపట్టాను.

విమానాశ్రయానికి నికాసియో తన పాత పికప్ బండి వేసుకుని వచ్చాడు. జుట్టు తెల్లబడింది గానీ చొక్కా ఇస్త్రీ తగ్గలేదు. ఉప్పు మడుల పక్క నుంచి పోతుండగా గొంతు సవరించుకున్నాడు.

“బావా, ఆదివారం వి... విందులో నువ్వు మాట్లాడ... మాట్లాడ...”

“మాట్లాడాలి, అంతేగా? తయారుగానే వచ్చాను,” అని జేబు తట్టి చూపించాను.

అతను నన్నొకసారి చూసి, మళ్లీ రోడ్డు వైపు తిరిగాడు. గాడిదలు అడ్డొస్తే బండి ఆపాడు. అవి పోయాక కూడా కాసేపు అలాగే కూర్చున్నాడు. స్నేహితుడి పెద్దమనసుకు కరిగిపోయాడనుకున్నాను.

మర్నాడు పొద్దున ఫిలోమెనా నాకు రబ్బరు సూటు తొడగబోయింది. దుకాణంలో ఉన్న అన్నిటికన్నా పెద్దది నా పొట్ట దగ్గరే ఆగిపోయింది. ఆమె రెండు పక్కలా కత్తిరించి, దొరికిన రబ్బరుతో పట్టీలు వేసి కుట్టుకొచ్చింది. దొరికింది వంకాయ రంగు. నల్లటి సూటుకు చంకల నుంచి తొడలదాకా వంకాయ రంగు చారలు. అద్దంలో చూసుకుని, బాగానే ఉన్నానని నాకు నేను చెప్పుకున్నాను. ఇంట్లో పెంచుకునే చిలుక నన్ను చూసి పంజరంలో వెనక్కి జరిగింది.

బొనేర్‌లో పడవ అక్కర్లేదు. రోడ్డు పక్కన దిగే చోటుకు గుర్తుగా పసుపు రంగు వేసిన రాయి దగ్గర బండి ఆపి, సామాను తగిలించుకుని, నడుచుకుంటూ నీళ్లలోకి పోవడమే. దారి పొడుగునా నా ఊపిరి గురించి నికాసియోకి చెబుతూ నడిచాను. మామూలు మనుషులకు ఒక సిలిండర్ ఎంతసేపు వస్తుందో కనుక్కుని, నాకు దానికి రెండింతలు వస్తుందని ముందే హెచ్చరించాను. నికాసియో తల ఊపి, నా నడుముకు సీసం బెల్టు బిగించాడు.

ఇద్దరు మనుషుల లోతు కూడా ఉండని ఇసుక మడుగులోనే ఉన్నాం. చుట్టూ పగడపు దిబ్బలు, నీలం చిలుక చేపలు. అవన్నీ ఉన్నాయని తర్వాత చెబితే తెలిసింది. నేను మాత్రం గాలి పీలుస్తూ ఉండిపోయాను. దిగీ దిగగానే నికాసియో నా సిలిండర్‌లో గాలి ఎంతుందో చూపే ముల్లు చూశాడు, ముల్లు పాడైందేమోనని వేలితో కొట్టి చూశాడు, తర్వాత బొటనవేలు పైకెత్తి ఒడ్డుకు పద అన్నాడు. నా సిలిండర్ అయిపోయింది. మా పక్కనే దిగిన బడిపిల్లల బృందం మేం బట్టలు మార్చుకుని, పకోడీల బండి దగ్గర తిని, తిరిగొచ్చేదాకా ఇంకా నీళ్లలోనే ఉంది. నికాసియో సిలిండర్‌లో గాలి దాదాపు దిగినప్పటిలాగే ఉంది.

ఈ సంగతి విని ఫిలోమెనా చేతిలో సూది ఆపకుండానే అంది: “ఊపిరి బయటికి పంపడంలో నిన్ను మించినవాడు లేడు అన్నా. ఇది లోపల దాచుకునే పని.”

ఆ రాత్రి భోజనం దగ్గర నికాసియో మళ్లీ మొదలుపెట్టాడు. “బావా, ఆ ప్రసంగం...” అన్నాడు. మరీ పొడుగు ఉండకూడదు, అదేగా, అన్నాను. చేపముక్క నా పళ్లెంలో వేశాడు. ఇంకోరోజు బండిలో మొదలుపెడితే, అందులో హాస్యం కూడా ఉండాలంటున్నాడని గ్రహించి, ఉందని భరోసా ఇచ్చాను.

రోజూ దిగేవాళ్లం. నాలుగోరోజుకు నా చేతులూ కాళ్లూ నా మాట వినడం మొదలైంది, కళ్లు ఇటూ అటూ చూడగలిగాయి. అప్పుడు చూశాను నికాసియోని. ఎప్పటినుంచో తెలిసిన మనిషి, కానీ ఇలా ఎప్పుడూ చూడలేదు. బడిపిల్లలు చుట్టూ మూగి ఉంటే చేతులతో మాట్లాడుతున్నాడు. ఆ చేతుల్లో తడబాటు లేదు. ఒకణ్ణి మెచ్చుకుంటున్నాడు, ఇంకొకదాన్ని మందలిస్తున్నాడు. దిబ్బ కింద దాక్కున్న ఎండ్రకాయ గురించి ఏదో పెద్ద కథే చెబుతున్నాడు. పిల్లల నోళ్లలోంచి బుడగలు ఒక్కసారిగా లేచాయి. నవ్వుతున్నారు. నికాసియో జోకు చెప్పాడు. అతను జోకులు చెప్పగలడని నాకు తెలియదు. తెలిసే అవకాశం నేనెప్పుడు ఇచ్చాను గనక.

పిల్లలు వెళ్లిపోయాక అతను నా ఎదురుగా ఇసుకలో మోకాళ్ల మీద కూర్చున్నాడు. నన్నూ కూర్చోమన్నాడు. చుట్టూ చూసి, నా రెండు కళ్లలోకి సూటిగా చూస్తూ, నన్ను వేలితో చూపించాడు. తర్వాత చేతిని పక్షి ముక్కులా తెరిచి మూశాడు, తెరిచి మూశాడు. తర్వాత వేలు అడ్డంగా ఊపాడు.

నేను పుస్తకం బట్టీపట్టినవాణ్ణి. చెయ్యి అలా తెరిచి మూస్తే మలుగుపాము అని అర్థం. పాములా ఉండే చేప, పెద్ద పళ్లుండే రకం. నన్ను చూపించాడంటే అది నా దగ్గరే ఉంది. వేలు ఊపాడంటే పరిస్థితి బాగాలేదు. వెనక్కి తిరిగాను. ఏదో నల్లగా కదిలింది. తర్వాత తెలిసింది, అది ఈదడానికి నా కాలికి తొడిగిన రబ్బరు రెక్కే.

ఆ తర్వాత జరిగినదాంట్లో నాకు గుర్తున్నది తక్కువ. నికాసియో మాస్క్ నా మడమ తగిలి ఊడిపోయింది. అతను కళ్లు మూసుకునే నా చీలమండ పట్టుకున్నాడు, నేను బుడగలా పైకి ఎగిరిపోకుండా. మాస్క్ వెతికి పెట్టుకుని, నన్ను నెమ్మదిగా గట్టుకు చేర్చాడు. నాలుగు కాళ్ల మీద పాకుతూ ఒడ్డెక్కాను. ఒక కాలి రెక్క సముద్రానికి సమర్పించుకున్నాను.

నోట్లో గొట్టం పీకేసి వెంటనే మొదలుపెట్టాను. పాము నా తొడంత లావుందని, దాని కళ్లు చూశానని, నేను తప్పించుకోకపోతే ఇద్దరినీ ముగించేదనీ చెబుతున్నాను. నికాసియో నీళ్లలో నిలబడి వింటున్నాడు. ముక్కు మీద ఎర్రటి గీత, నా మడమ తగిలిన చోట. నా దగ్గరికి వచ్చాడు. వేలాడుతున్న గొట్టం పట్టుకుని, రబ్బరు మూతికి అంటిన ఇసుక నీళ్లతో కడిగాడు. కడిగి, నా నోట్లో కుక్కాడు.

“ఇది తీ... తీశావంటే, మనం ఇంక స్నేహితులం కాం,” అన్నాడు.

ఆ మాట అతను అనడం నేనెప్పుడూ వినలేదు. గొట్టం కరుచుకుని నిలబడ్డాను. ఇక అతను చెప్పడం మొదలుపెట్టాడు. ప్రతి పదం ఎక్కడో ఒకచోట ఆగింది. ఆగిన ప్రతిచోటా నాకు మూడు నాలుగు పదాలు తోచాయి, అన్నీ రబ్బరుకే చెప్పుకున్నాను. నా ఊపిరి బుస్సు బుస్సుమంటోంది. రోడ్డు మీద ఒక పికప్ నెమ్మదించింది. అందులోని యాత్రికులు, ఎండలో పొడినేల మీద నిలబడి సిలిండర్ గాలి పీలుస్తున్న వంకాయ చారల మనిషిని చూసి, ఫొటో తీసుకుని వెళ్లిపోయారు.

అతను చెప్పింది ఇది. “నీళ్లలో మలుగుపాము లేదు. నీ నోటి గురించి చెప్పాను. ఆదివారం నువ్వు మాట్లాడొద్దు. నేను మాట్లాడతాను. ఎంతసేపు పట్టినా సరే, మధ్యలో ఎవరూ మాట అందించొద్దు. ఎవరూ అంటే నువ్వు. విమానాశ్రయం దగ్గర్నుంచి ఇదే చెబుదామని చూస్తున్నాను, బావా.”

పూర్తయ్యాక గొట్టం తనే తీశాడు. ఏదన్నా అనమన్నట్టు చూశాడు. “సరే,” అన్నాను. ఆ ఒక్క ముక్కా గొంతులో ఇరుక్కుని వచ్చింది.

బాధపడలేదంటే అబద్ధం. మధ్యాహ్నం మూతి ముడుచుకుని వరండాలో కూర్చున్నాను. ఫిలోమెనా వచ్చి, రాసుకొచ్చింది వృథా పోవడం దేనికి, నాకు చదివి వినిపించు అంది. లేచి నిలబడి, మంచి గొంతుతో చదివాను. నలభై ఏళ్ల దాంపత్యం, కూతురు, అల్లుడు, మనవలు, ఇరుగుపొరుగు, చర్చి వేళ, అంతా ఒక్క ఊపిరిలో. ఆమె కుట్టుపని ఒళ్లో పెట్టుకుని శ్రద్ధగా విన్నది.

“బాగుంది అన్నా. కానీ ఇందులో మేమిద్దరం పోయినట్టుంది,” అంది.

ఆదివారం వాళ్ల పెరట్లో ముళ్ల కంచె లోపల బల్లలు వేశారు. మేకమాంసం పులుసు, మొక్కజొన్న సంకటి, వేయించిన చేప, గుమ్మడి అట్లు. రింకోన్ ఊళ్లో సగం మంది వచ్చారు. తినడం సగంలో ఉండగా నికాసియో లేచాడు. జనం నావైపు చూశారు, ఎప్పుడూ నేనే లేస్తాను గనక. నేను కుర్చీ అంచులు పట్టుకున్నాను.

వచ్చినందుకు అందరికీ దండాలు చెప్పాడు. అందులోనే చాలాసేపు గడిచింది. పిల్లలు కాళ్లు ఊపారు, గాలికి బల్లగుడ్డల మూలలు లేచాయి, కానీ ఎవరూ కదలలేదు. తర్వాత, పెళ్లయిన రోజు నుంచీ ఒకటి చెయ్యాలని ఉండిపోయిందన్నాడు. దీవి మగవాళ్లంతా పెళ్లాన్ని దుషి అని పిలుస్తారు, బంగారం అన్నట్టు. తనూ అలాగే పిలిచాడు. అందరూ ప్రేమతో అనుకున్నారట. ప్రేమ ఉన్న మాట నిజమే గానీ, అసలు కారణం అది కాదట. పేరు నోరు దాటేది కాదు.

భార్య వైపు తిరిగాడు.

“ఫి...” అన్నాడు.

అక్కడ ఆగిపోయింది. మెడ నరాలు లేచాయి, కళ్లు మూతపడ్డాయి. మళ్లీ “ఫి...” అన్నాడు. ఆ పెరట్లో ఉన్న ప్రతివాడికీ ఆ పేరు తెలుసు. చర్చి ముసలి ఫాదర్ పెదాలు కూడా కదలడం చూశాను. నా సంగతి చెప్పాలంటే, పేరు మొత్తం పళ్ల వెనక నిలబడి తలుపు కొడుతోంది. పెద్ద సంకటి ముద్ద తీసి నోట్లో పెట్టుకున్నాను. చాలదనిపించి ఇంకొకటి పెట్టుకున్నాను. కళ్లవెంట నీళ్లు వచ్చాయి. పక్కనున్నావిడ నేను కదిలిపోయాననుకుని నా చెయ్యి నిమిరింది. నిజానికి నాకు ఊపిరాడటం లేదు.

“ఫిలోమెనా,” అన్నాడు నికాసియో.

ఒక్క తునక కూడా విరగకుండా వచ్చింది. ఫిలోమెనా గరిటె పట్టుకునే ఉంది. పక్క గదిలోంచి పిలిస్తే పలికినట్టు, మామూలుగా పలికింది.

“ఆఁ, ఏంటి?”

“ఏం లేదు. పి... పిలిచానంతే.”

ఆమె తల ఊపి, పులుసు గిన్నె వైపు తిరిగింది. చాలాసేపు అటే తిరిగి కలుపుతూ ఉంది. పులుసు అప్పటికి వడ్డించడం అయిపోయింది, గిన్నెలో ఏమీ లేదు. తర్వాత ఎవరో గిటారు అందుకున్నారు. నేను నీళ్లు తాగి బతికాను.

మంగళవారం నన్ను విమానాశ్రయానికి దింపాడు. కౌంటర్ ముందు వరుసలో నిలబడ్డాం. నికాసియో గొంతు సవరించుకుని, “బావా, నీ...” అన్నాడు. ఇకమీదట అతని మాట పూర్తిగా వినాలని తీర్మానించుకుని ఉన్నాను. సంచి కింద పెట్టి, మొహంలో ఓపిక తెచ్చుకుని నిలబడ్డాను. వెనకవాళ్లను ముందుకు పొమ్మన్నాను. నా ఓపిక చూసి అతనికి ఉత్సాహం వచ్చింది. మొదలుపెట్టిన మాట పక్కన పెట్టి, రేడియో రోజుల సంగతి ఎత్తుకున్నాడు. డైరెక్టరును ఎంత బాగా అనుకరించాడో చెప్పలేను. కూతురు చిన్నప్పటి కబుర్లు, ఎండ్రకాయ కథ, దుకాణం యజమాని పిసినారితనం, అన్నీ చెప్పాడు. నవ్వి నవ్వి గోడకు ఆనుకున్నాను. అంత మంచి కబుర్లు నేనెప్పుడూ వినలేదు.

అవన్నీ అయ్యాక, “అసలు నేను చె... చెప్పబోయింది అది కాదు. నీ పాస్‌పోర్టు నా బండిలో ఉండిపోయింది,” అన్నాడు.

పరిగెత్తుకెళ్లి తెచ్చుకునేసరికి కౌంటర్ మూసేశారు. మర్నాటిదాకా ఇంకో విమానంలో సీటు లేదన్నారు. ఫిలోమెనాకి ఫోన్ చేసి నేను మళ్లీ వస్తున్నానని చెప్పాను. అయితే దార్లో ఉల్లిపాయలు తెమ్మంది.